విడిదిగది గోడచారలు: ఒక చారిత్రక పరిశీలనము

గృహచరిత్రను వ్రాయువారు గోడల మందమును, దూలముల పొడవును, ద్వారబంధముల చెక్కడమును వర్ణింతురు. గోడపై పూసిన రంగును గూర్చి చెప్పువారు తక్కువ. ఇందుకు కారణము స్పష్టమే. గోడ నూఱేండ్లు నిలుచును. దానిపై రంగు పదియేండ్లు నిలుచుట యరుదు. ఇల్లు చేతులు మాఱినను, ఇంట పెండ్లి తలపెట్టినను, పెద్దపండుగ వచ్చినను పాతరంగుపై క్రొత్తరంగు పడును. అట్లు పడినప్పుడు ఒక కాలపు అభిరుచియు, ఒక పనివాని నేర్పును, ఒక కుటుంబపు కోరికయు ఏకకాలమున మఱుగుపడును. ఇంటివారు నిత్యము మెలగు గదులను గూర్చి ఉత్తరములలోనో జ్ఞాపకములలోనో ఏదో యొక మాట మిగులును. అతిథులకై విడిచిన గదికి ఆ భాగ్యమును లేదు.

అయినను అట్టి గది యొకటి కళాచరిత్రమున స్థానము సంపాదించుకొనినది. ఇంగ్లండు నందలి నార్తాంప్టన్ పట్టణమున డెర్న్‌గేట్ వీథిలో 78వ సంఖ్య గల యింటిలో 1919వ సంవత్సరమున ఒక అతిథిశయనగృహము నలుపు తెలుపు చారలతో పునరలంకృతమైనది. దానిని ప్రధానోదాహరణముగా గొని గోడచారల పూర్వోత్తరములను పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. విడిదిగది గోడపై చార మొదట రంగు కాదు, గుడ్డ. ఆ గుడ్డ గుడారమునకు సంబంధించినది. అందుచేతనే అది ఇంటిలోని తక్కిన గదులకంటె అతిథిగదికి తగినదైనది. ఇది నా ప్రతిపాదనము.

1. పదవిచారము

తెలుగున గీత, చార, పట్టె అను మాటలు సన్నిహితములే కాని సమానార్థకములు కావు. గీతకు పొడవు ముఖ్యము. వెడల్పు గణనకు రాదు. చారకు వెడల్పు కలదు. కాని అది చాలవఱకు తనంతట నేర్పడినది. ఉడుతచారలు, కన్నీటిచారలు అను ప్రయోగములు ఇందుకు తార్కాణము. పట్టె మనుష్యుడు తీర్చిదిద్దినది. పట్టెనామము అందుకు ఉదాహరణము. ఫాలమున అడ్డముగా దిద్దిన విభూతిరేఖలు ఒక సంప్రదాయమును, నిలువుగా దిద్దిన నామము వేఱొక సంప్రదాయమును తెలుపును. కావున రేఖ యొక్క దిశకే అర్థము కలదని తెలుగువానికి వేఱుగ బోధింప నక్కఱ లేదు.

ఇక విడిది యను మాట. విడియు ధాతువునకు దిగుట, మకాము చేయుట అని యర్థము. దండు విడిసిన చోటు విడిది. పెండ్లివారు దిగిన యిల్లును విడిదియే. యుద్ధమునకు పోవువానికిని, విందునకు వచ్చినవానికిని భాష ఒక్కటే వసతిని కల్పించినది. ఇరువురును నాలుగునాళ్లు నిలిచి పోవువారే గదా! పైకప్పు క్రింద కట్టు గుడ్డకు మేలుకట్టు, ఉల్లెడ, చందువ అను పేర్లు మనకు గలవు. గుడారమునకు గోడవలె నిలుపు గుడ్డ కనాతు. విడిది, మేలుకట్టు, కనాతు అను నీ మూడు మాటలను మనసున నుంచుకొనిన యెడల యూరపుఖండపు చారలగదుల చరిత్ర సుబోధమగును.

2. చార యొక్క అపకీర్తియు, ఉద్ధరణమును

మధ్యయుగపు యూరపున చారలగుడ్డకు గౌరవము లేకుండెను. ఫ్రాన్సు దేశీయుడగు చరిత్రకారుడు మిషెల్ పాస్తురో 1991లో ప్రకటించిన గ్రంథమున ఈ విషయమును విపులముగా చర్చించెను. 1254లో తొమ్మిదవ లూయీ రాజు ధర్మయుద్ధమునుండి మరలివచ్చినపుడు ఆయన వెంట పారిసునకు వచ్చిన కార్మెలైటు సన్న్యాసులు చారల పైవస్త్రములు ధరించి యుండిరి. పురజనులు వారిని పరిహసించిరి. ఈ వివాదము కొన్ని దశాబ్దములు సాగెను. 1287లో ఆ సన్న్యాసులు చారలను విడిచి తెల్లని వస్త్రమును గ్రహించిరి. 1295లో ఎనిమిదవ బోనిఫేసు పోపు సన్న్యాసులెవ్వరును చారల దుస్తులు ధరింపరాదని శాసించెను. కొన్ని పట్టణములలో వేశ్యలు, విదూషకులు, తలారులు మున్నగువారికి చారలగుడ్డ గుఱుతుగా విధింపబడెను. వస్త్రమునందు ఏది నేల, ఏది బొమ్మ యని చూపునకు తేలకుండుటయే ఈ అవిశ్వాసమునకు మూలమని పాస్తురో వాదము.

పదునెనిమిదవ శతాబ్ది చివర ఈ అపకీర్తి తొలగెను. అమెరికా స్వాతంత్ర్యసమరమున పదుమూడు పట్టెల పతాకము లేచెను. ఫ్రాన్సున 1789 విప్లవము చారలను స్వేచ్ఛకు చిహ్నముగా నెత్తుకొనెను. దుస్తులపైని చార ఆసనములకును, తెరలకును, తుదకు గోడలకును ప్రాకెను. అపరాధికి గుఱుతైనది అభిరుచికి గుఱుతయ్యెను. అయినను పాత అర్థము పూర్తిగా నశింపలేదు. పందొమ్మిదవ శతాబ్దిలో అమెరికా చెఱసాలలలో ఖైదీలకు చారల దుస్తులే తొడిగిరి.

3. గుడారము గదిలోనికి వచ్చుట

1800వ సంవత్సరమున నెపోలియను ప్రథమ కాన్సలుగా నుండగా, పారిసు సమీపమునందలి మాల్మేజోను భవనమున ఆయనకు ఆలోచనమందిరము కావలసివచ్చెను. పెర్సియే, ఫోంటేను అను వాస్తుశిల్పులు ఆ గదిని సేనాపతి గుడారము వలె తీర్చిరి. గోడలను చారలగుడ్డ కప్పెను. ఈటెల వంటి కంబములు దానిని మోయుచున్నట్లు అమర్పబడెను. యుద్ధభూమిని విడిచియుండని వీరునకు ఇంటిలోను యుద్ధభూమియే కల్పింపబడెను. గుడ్డను బిగించుట గచ్చును పోతపోయుటకంటె త్వరితముగ ముగియు పని యను సౌకర్యమును ఇందు గలదు.

ఈ భావమునకు సంపూర్ణరూపము జర్మనీ దేశమున పోట్స్‌డాము నందు కానవచ్చును. అచ్చటి షార్లొట్టెన్‌హోఫ్ భవనమును 1826 మొదలు 1829 వఱకు షింకెల్ అను ప్రసిద్ధశిల్పి ప్రష్యా యువరాజునకై నిర్మించెను. అందలి గుడారపుగదిలో గోడలకును పైకప్పునకును నీలము తెలుపు చారల కాగితము అంటింపబడినది. పడకల పందిరియు, కిటికీ తెరలును అదే చారలతో నున్నవి. ఇది రాజు పడుకొను గది కాదు, పరివారమునకును అతిథులకును విడిదిగది. లోకయాత్రికుడును శాస్త్రజ్ఞుడును అగు అలెగ్జాండర్ ఫాన్ హంబోల్టు 1835 మొదలు 1840 వఱకు యువరాజు ఆహ్వానమున వేసవులందు ఇచట బస చేసెను. దక్షిణామెరికా అరణ్యములలో డేరాల క్రింద నిద్రించిన వానికి రాజోద్యానమునను డేరాయే లభించెను!

ఇచట నొక మార్పును గమనింపవలెను. మాల్మేజోనులో గోడపై నున్నది నిజముగా గుడ్డ. షార్లొట్టెన్‌హోఫులో నున్నది గుడ్డను అనుకరించు కాగితము. గుడ్డ పోయి దాని చార మిగిలినది. తరువాతి కాలమున కాగితమును పోయి రంగుచారయే మిగిలినది. వస్త్రము నుండి కాగితమునకు, కాగితము నుండి వర్ణమునకు జరిగిన ఈ ప్రయాణమే గోడచార చరిత్ర.

నిలువుచార గోడకాగితమునకు అనుకూలించుటకు పనితనమునకు సంబంధించిన హేతువును గలదు. కాగితపు పాళ్లను పైనుండి క్రిందికి వ్రేలాడదీసి అంటింతురు. పూలతీగె గల కాగితమున రెండు పాళ్ల నడుమ బొమ్మ కుదురకున్న అతుకు బయటపడును. నిలువుచారలలో ఆ చిక్కు లేదు. చార అంచే అతుకును దాచుకొనును.

4. డెర్న్‌గేటు గది

78, డెర్న్‌గేట్ పందొమ్మిదవ శతాబ్ది ప్రథమపాదమున కట్టిన ఇఱుకైన ఇటుక యిల్లు, వరుసగృహములలో నొకటి. దాని యజమాని వెన్‌మన్ జోసెఫ్ బాసెట్-లోక్ చిన్న రైలుయంత్రములను, ఓడల నమూనాలను తయారుచేయించి విక్రయించిన ప్రసిద్ధ వర్తకుడు. 1917లో వివాహము చేసికొననున్న ఆయన ఆ యింటిని నవీనరీతిని తీర్చుటకు 1916లో చార్లెస్ రెనీ మకిన్‌టాషును కోరెను.

అప్పటికి మకిన్‌టాషు దశ క్షీణించి యుండెను. 1868లో గ్లాస్గోలో జన్మించి, ఆ నగరమున కళాపాఠశాలా భవనమును 1897, 1909 సంవత్సరముల నడుమ నిర్మించి, 1900లో వియన్నా ప్రదర్శనమున మన్ననలందిన ఆ శిల్పి, మొదటి ప్రపంచయుద్ధకాలమున లండను నందలి చెల్సీలో భవననిర్మాణపు పనులు లేక కాలము గడుపుచుండెను. ఆ దినములలో ఆయనకు జీవనాధారమైన వానిలో వస్త్రములపై అచ్చునకు వలయు నమూనాలను గీయుట యొకటి. ఈ విషయము మన ప్రతిపాదనమునకు ముఖ్యము. చారలగదిని కల్పించిన చేయి ఆ సంవత్సరములందే గుడ్డల అచ్చులను గీయుచుండెను.

ఇంటి ముందుగదిని మకిన్‌టాషు నల్లని గోడలతో, వానిపై పసుపు మున్నగు రంగుల త్రికోణములతో తీర్చెను. అతిథిగది మొదట 1917లో వేఱువిధముగా అమర్పబడినది. 1919లో దానిని మార్చి క్రొత్త అలంకారము చేసిరి. రెండు పడకలు ప్రక్కప్రక్కను వేయబడినవి. వాని వెనుక గోడపై నలుపు తెలుపు చారల కాగితము నిలువుగా లేచి, పైకప్పును చేరి, అచట ఆగక పడకల మీదుగా ముందునకు సాగినది. చారల సమూహమునకు గాఢనీలపు అంచు కట్టబడినది. తక్కిన గోడలు తెల్లగా విడువబడినవి. సింధూరపుమ్రాను కఱ్ఱతో చేసిన లేతవన్నె సామానుపై నలుపు అంచును, చిన్న నీలిచతురములును ఆ చారలకు ప్రతిధ్వనులు. దుప్పట్లును తెరలును ఆ వరుసకే అనుగుణములు.

ఈ యమరికను తెలుగున నొక్క మాటతో చెప్పవచ్చును: అది చిత్రించిన మేలుకట్టు. గోడనుండి కప్పునకు చార విఱుగక ప్రాకుటచే గోడ, కప్పు అను భేదము నశించి పడకలపై నొక చందువ వ్రేలాడినట్లు భ్రాంతి కలుగును. షార్లొట్టెన్‌హోఫు గదిలోను చారలు కప్పు నెక్కినవి. మకిన్‌టాషు దానిని చూచి అనుసరించెనని నేను చెప్పుట లేదు. అతిథి, పడక, గుడారపు గుడ్డ అను మూడును కూడినచోట రూపము తనంతట అట్లు పరిణమించునని మాత్రమే చెప్పుచున్నాను.

ఈ గదిలో బస చేసిన అతిథులలో నాటకకర్త జార్జి బెర్నార్డు షా యొకడు. ఈ చారలు నిద్రకు భంగము కలిగించునేమో యని గృహిణి శంకింపగా, తాను ఎల్లప్పుడును కన్నులు మూసికొనియే నిద్రింతునని ఆయన బదులు చెప్పెనట. ఈ చమత్కారమున నొక సత్యము కలదు. నిత్యము చూచుటకు కష్టమైన అలంకారము నాలుగునాళ్ల అతిథికి వినోదమగును. తమ గదిలో సాహసింపని రంగును ఇంటివారు విడిదిగదిలో సాహసింతురు. ఆ యింటనే నల్లని ముందుగదిని కొలది సంవత్సరములలో లేతరంగులకు మార్చిరి. ప్రతిదినము నడయాడు చోటున గాఢవర్ణమును భరించుట ఎంత కష్టమో ఇది తెలుపుచున్నది.

5. చార కంటిని శాసించు విధము

నిలువుచారలు గదిని ఎత్తుగా జూపుననియు, అడ్డుచారలు వెడల్పుగా జూపుననియు లోకప్రవాదము. దృష్టిశాస్త్రము ఇందు కొంత సందేహమును కలిగించినది. హెల్మ్‌హోల్ట్స్ 1867లో చూపిన ఉదాహరణమున, అడ్డుగీతలతో నింపిన చతురము అసలుకంటె ఎత్తుగను, నిలువుగీతలతో నింపినది అసలుకంటె వెడల్పుగను కనబడును. అనగా ప్రవాదమునకు విపరీతము. గది యందు నిలువుచార కంటిని పైకి నడిపించునేమో గాని, అంతమాత్రమున గోడ పెరిగినట్లు కాదు. డెర్న్‌గేటు గదిలో చార చేసిన పని ఎత్తు పెంచుట కాదు. గోడను కప్పుతో కుట్టుట.

చార తీర్చుటలో తప్పు దాగదు. తీగెల అలంకారమున వంకర అందమైనను కావచ్చును. పట్టెలో వంకర వంకరయే. పాతయిండ్ల మూలలు సరియైన లంబమున నుండుట అరుదు. అందుచే మూలను నమ్మక, గుండు కట్టిన దారమును వ్రేలాడదీసి తొలిరేఖను గుర్తించి, రంగుపొడి పూసిన దారమును బిగబట్టి కొట్టి తక్కిన రేఖలను వేయుట పూర్వపు పద్ధతి. 1925లో అమెరికాలో రిచర్డు డ్రూ అను నతడు రంగువేయునపుడు అంచును కాపాడు అంటుకాగితపు పట్టీని కనిపెట్టెను. మోటారుబండ్లకు రెండు రంగులు వేయుటకై పుట్టిన ఆ పట్టీ ఇండ్లలోనికి వచ్చి, పనివాని చేతినేర్పు లేనివారికిని తిన్నని చారను సాధ్యము చేసెను. ఈనాడు గృహస్థుడు తన విడిదిగదికి తానే పట్టెలు తీర్చగలుగుటకు మూలము ఇదియే.

6. తెలుగునాట సామ్యములు

గోడకు గుడ్డ కట్టు సంప్రదాయమున మన తీరమునకు గొప్ప పాలు కలదు. పదునేడవ శతాబ్దిలో గోలకొండ రాజ్యమునకు చెందిన కోరమాండల్ తీరమున వ్రాతపనితో చేసిన పెద్దపెద్ద గోడవస్త్రములు దేశాంతరముల కేగెను. ఆ శతాబ్ది పూర్వార్ధమునకు చెందిన ఏడు భాగముల గోడవస్త్ర మొకటి నేడు న్యూయార్కు నందలి బ్రూక్లిను ప్రదర్శనశాలలో నున్నది. అందలి బొమ్మలు తోరణముల క్రింద నిలిచి, గుడ్డనే భవనముగా జూపును. లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పులపై పదునాఱవ శతాబ్దిలో చిత్రించిన స్త్రీపురుషుల వస్త్రములందు చారలును గళ్లును సూక్ష్మముగా వ్రాయబడినవి. ఆ చిత్రములు పొడవైన పట్టెలుగా కప్పును పఱచుకొనిన తీరు చూచువారికి మేలుకట్టును స్ఫురింపజేయును.

దక్షిణదేశపు దేవాలయప్రాకారములపై సున్నపు తెలుపును జాజు ఎఱుపును నిలువుపట్టెలుగా పూయుట సర్వవిదితము. సున్నము కాల్చిన రాతినుండి వచ్చినది. జాజు ఇనుము కలిసిన మన్ను. చౌకయైన ఈ రెండు ద్రవ్యములే దూరమునుండి గుడిని గుర్తింపజేయుచున్నవి. వీనిని యూరపుఖండపు గుడారపు చారలతో ముడిపెట్టుటకు ఆధారము లేదు; ముడిపెట్టవలసిన పనియు లేదు. విడిదిగది చార కొన్నినాళ్ల వసతికి గుఱుతు. గుడిగోడ చార స్థిరమైన నివాసమునకు గుఱుతు. ఒకే రూపము రెండుచోట్ల రెండర్థములను వహించుట భాషాశాస్త్రము చదివినవారికి వింత కాదు.

అయితే ఒక విషయమున రెండును సమానములు. గుడిగోడకు ఏటేట సున్నము కొట్టుదురు. ఆ సున్నము పొరల క్రింద శాసనాక్షరములు పూడిపోయిన సందర్భములు శాసనపరిశోధకులకు సుపరిచితములు. చిత్రములు మఱుగుపడిన సందర్భములును కలవు. భక్తితో చేసిన పనియే సాక్ష్యమును కప్పివేయును. ఒక్కొక్కప్పుడు ఆ పొరయే సాక్ష్యమును ఎండవానలనుండి కాపాడుటయు గలదు. పునర్లేపనమునకు ఈ రెండు ముఖములును సహజములు.

7. గోడ యొక్క పాఠపరిష్కరణము

బాసెట్-లోక్ దంపతులు 1926లో పీటర్ బెరెన్సు నిర్మించిన న్యూ వేస్ అను క్రొత్త యింటికి మారిరి. అతిథిగది సామానును వెంట గొనిపోయిరి. డెర్న్‌గేటు ఇల్లు అన్యుల వశమయ్యెను. మకిన్‌టాషు 1928లో లండనున మరణించెను. చారలగది సామాను కాలక్రమమున గ్లాస్గో విశ్వవిద్యాలయపు హంటేరియను కళాశాలను చేరగా, అచట ఆ గది పునర్నిర్మింపబడినది. నార్తాంప్టను నందలి ఇల్లు కూడ జీర్ణోద్ధరణమంది 2003లో ప్రజలకు తెఱవబడినది. అందును చారలు మరల లేచినవి.

కావున ఒకే గదికి రెండు ప్రతులు కలవు. గ్లాస్గో ప్రతిలో సామాను అసలుది, గోడ క్రొత్తది. నార్తాంప్టను ప్రతిలో స్థలము అసలుది, అలంకారము క్రొత్తది. తాళపత్రములను పరిష్కరించువారికి ఈ స్థితి పరిచితమే. మూలము నష్టము కాగా శేషించిన ప్రతులను సరిపోల్చి పాఠమును నిర్ణయించుట మనవారి పని. గోడ విషయమున ఆనాటి ఛాయాచిత్రము చారల వెడల్పును, దిశను చెప్పును, రంగును చెప్పదు. సామానుపై మిగిలిన నీలిచతురము రంగును చెప్పును. గోడపై దాని స్థానమును చెప్పదు. రెండును కలిసిననే పాఠము పూర్ణమగును. ధనికుడును ప్రసిద్ధుడును అగు యజమాని, ప్రఖ్యాతుడగు శిల్పి, భద్రపఱచిన సామాను, ఛాయాచిత్రములు ఇన్ని కూడినందున ఆ గది మరల లేచినది. ఇవేవియు లేని మన పల్లెటూరి మేడ గోడకు, విడిదింటి జాజుపట్టెకు గతి యేమి?

పరిశోధకులు చేయదగిన పని చిన్నది. పాతయింటికి రంగు వేయుదురని తెలిసినపుడు, వేయకముందే గోడను చూచి, పట్టె వెడల్పును, నేలనుండి దాని యెత్తును, దిశను కొలిచి వ్రాసికొనవలెను. రంగుద్రవ్యము జాజో సున్నమో నీలిమందో ఇంటిపెద్దలనడిగి తెలిసికొనవలెను. పనివారు పట్టెకును, దారమునకును, కుంచెకును వాడు మాటలను వారి నోటనే విని గ్రహింపవలెను; నిఘంటువులకెక్కని పదములు ఇట్టిచోటులనే దొరకును. యజమాని సమ్మతించినచో తలుపు వెనుక జానెడు చోటును పాతరంగుతో విడువవలెను. గుడ్డ కాగితమై, కాగితము రంగై, రంగు మఱియొక రంగు క్రింద అణగిపోవు ఈ చరిత్రమున ఆ జానెడు చోటే రేపటి పరిష్కర్తకు మాతృక.